కడుపులోనా, సంకలోనా

ఆగండాగండి, ఎక్కడికంత తొందర, ఇలా వచ్చి కూర్చుని ఇది వినండి. ఇది ఒక పన్ను కథ. పన్నంటే పుచ్చిపోయిన పన్నూ కాదు, పీకి పారేసిన పన్నూ కాదు, ఇంకా చిగురు దాటి బయటికే రాని పన్ను. ఒక పిల్ల దవడ ఎముకలో ఎవరి జోలికీ పోకుండా హాయిగా పడుకుని ఉంటే, దాన్ని లేపి, ఈ పిల్ల వయసెంతో నువ్వే చెప్పమని నలుగురు మనుషులు పొద్దున పది గంటలకు మెట్లెక్కి వచ్చారు.

మెట్లంటే కర్నూలు కొత్త బస్టాండు దగ్గర, కింద సెల్‌ఫోన్లు బాగుచేసే అంగడి, పైన పళ్ల ఎక్స్‌రేలు తీసే సెంటరు ఉన్న బిల్డింగు మెట్లు. ఆ సెంటరులో డాక్టరు స్తుతి. కడప అమ్మాయి. పళ్ల ఎక్స్‌రేల మీదే పెద్ద చదువు చదివి, పరీక్ష పాసై మూడు నెలలైంది. ఆమెకు ఈ పనంటే ఎంత పిచ్చంటే, బస్సులో ఎదుటి సీటు మనిషి నోరు తెరిచి ఆవలిస్తే చాలు, ఈ దవడను ఏ వాలులో నిలబెడితే పటం బాగా వస్తుందా అని మనసులో కొలుచుకునేది. పెళ్లి ఫొటోల్లో అందరూ చీరలు చూస్తే ఈమె ముందరి పళ్ల మధ్య సందు చూసేది.

ముందు వచ్చినాయన బొజ్జన్న. ఒకప్పుడు కూతకు పోతే ఇద్దర్ని ముట్టుకోనిదే తిరిగొచ్చేవాడు కాదట. ఇప్పుడు మోకాళ్లు అరిగి, ఆడపిల్లల కబడ్డీ జట్టును ఎంపిక చేసే పెద్దమనిషి అయ్యాడు. ఆయన వెనక రెండేసి మెట్లు ఒక్క అంగలో దాటుతూ నాగలత. ఓర్వకల్లు దగ్గర ఒక పల్లె. కాళ్లూ పొడుగే, చేతులూ పొడుగే. ఆమె వెనక కొంగు నోటికడ్డం పెట్టుకుని రొప్పుతూ అవ్వ నాగలక్ష్మమ్మ. అందరికన్నా వెనక అవ్వకు పెద్ద కోడలు, నాగలతకు పెద్దమ్మ, ఓబులమ్మ. నాగలత తల్లి ఆ పిల్లకు మూడేళ్లప్పుడే జ్వరంతో పోయింది. అప్పటినుంచీ అన్నం పెట్టింది అవ్వ, జడ వేసింది పెద్దమ్మ.

"డాక్టరమ్మ యాడుండాది?" అన్నాడు బొజ్జన్న, నేరుగా స్తుతినే చూస్తూ.

"నేనే సార్."

"నువ్వేనా? కాలేజీ పాప అనుకుంటిని. సరే, ఈ పాప పండ్లు చూసి వయసు చెప్పల్ల. సాయంత్రం నాలుగుకు నేను లిస్టు పంపల్ల. అంతలోపల కావాల."

ఆయన సంచిలోంచి రెండు కాగితాలు తీసి బల్ల మీద పక్కపక్కన పెట్టాడు. ఒకటి బడి కాగితం. నాగలత పుట్టింది 2008 జూన్ పది. రెండోది ఆధార్. నాగలత పుట్టింది 2009 జనవరి ఒకటి. జట్టు పదిహేడు లోపు పిల్లలది. ఈ సంవత్సరం, అంటే 2025 డిసెంబరు ముప్పై ఒకటి నాటికి పదిహేడు నిండకూడదు. బడి కాగితం ప్రకారం పిల్లకు ఎప్పుడో నిండిపోయింది. ఆధార్ ప్రకారం ఆ తేదీకి ఇంకా ఒక్క రోజు మిగిలుంటుంది.

స్తుతి రెండు కాగితాలూ తిప్పి తిప్పి చూసింది. "ఒకే మనిషి రెండుసార్లు ఎట్ల పుట్టింది?"

"రెండుసార్లేంది అక్కా," అంది నాగలత, కుర్చీలో కూర్చోకుండానే. "మా క్లాసులో ఇరవై మూడు మందిమి. అందరం జూన్ పదో తేదీనే పుట్టినాము. ఒకే కేకు తెస్తాము, అందరం ఊదుతాము."

సంగతేమిటంటే, వాళ్ల ఊరి బడిలో అప్పటి హెడ్‌మాస్టరుకు ఒకే ఒక్క కొలత ఉండేది. జూన్‌లో బడి తెరవగానే పిల్లల్ని వరుసలో నిలబెట్టి, కుడిచేతిని తల మీదుగా తిప్పి ఎడమ చెవి పట్టుకోమనేవాడు. అందితే అయిదేళ్లు నిండినట్టు, ఒకటో తరగతిలో చేరినట్టు. అందకపోతే వచ్చే ఏడు రమ్మనేవాడు. చెవి అందిన ప్రతి పిల్లకూ సరిగ్గా అయిదేళ్ల కిందటి జూన్ పదో తేదీని పుట్టినరోజుగా రాసేసేవాడు. నాగలత చెవి మొదటిసారికే అందింది.

"దాని చేతులు చూడు మ్మా," అంది అవ్వ, మనవరాలి చేతిని చీపురుకట్టలా పైకెత్తి చూపిస్తూ. "ఈ చేతులకు నాలుగేండ్లు కూడా నిండకముందే అందె చెవి. ఆ సారుకు చెయ్యి పొడుగు తెలుస్తాదా, వయసు తెలుస్తాదా?"

"ఆ ఆధార్ తేదీ ఎవరు చెప్పినారు అవ్వా?"

"ఆ పిల్లోడు కంప్యూటరు ముందర కూకోని, ఏ సంవత్సరమో చెప్పు అవ్వా అనె. తొమ్మిది అంటి. నెల తెలియదంటే జనవరి ఒకటి కొట్టినాడు. నాకేం ఎరుక?"

బొజ్జన్న గొంతు సవరించుకున్నాడు. "అందుకే చెప్తాండా డాక్టరమ్మా. చెవిని నమ్మను, ఆధార్‌ను నమ్మను. పన్నునే నమ్ముతా. నేనే ఎందుకు వచ్చినానంటే, పోయిన సారి ఒకరు వాళ్ల చెల్లెలి పండ్ల ఫొటో తెచ్చి అక్కదని ఇచ్చినారు. ఈసారి నా కండ్ల ముందరే తీయల్ల."

స్తుతి వివరాలు రాసుకోవడానికి కాగితం తీసింది. పేరు, ఊరు రాసి, అలవాటుగా అడిగేసింది. "అయితే మీకు తెలిసి పాప ఎప్పుడు పుట్టింది?"

అడగకుండా ఉంటే ఎంత బాగుండేదో.

"వరదప్పుడు కడుపులో ఉండాది," అంది అవ్వ.

"యాడ కడుపులో అత్తా? వరదప్పుడు ఏడాది దాటిన పాప, నా సంకలో ఉన్నింది," అంది ఓబులమ్మ.

కర్నూలులో వరద అంటే ఏ సంవత్సరం అని ఎవరూ అడగరు. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రి రెండూ కలిసి ఊళ్లోకి వచ్చాయి కదా, అదే. ఈ ఊళ్లో పెళ్లిళ్లు, ఫ్రిజ్జులు, తగాదాలు అన్నీ వరదకు ముందువీ, వరద తర్వాతివీ. అప్పుడు వీళ్ల కుటుంబమంతా పాతబస్తీలో బాడుగింట్లో ఉండేది. నాగలత నాన్న లారీ తోలేవాడు, ఇప్పటికీ అదే పని.

"ఏమ్మే, నీ సంకలో ఎట్లుంటాది?" అంది అవ్వ. "చిన్న కోడలు నిండు కడుపుతో మిద్దె ఎక్కలేకుంటే నేను కదా రెక్క పట్టి లాగింది. వరద పోయినాక నెలకో రెండు నెలలకో ఇది పుట్టె."

"మిద్దె ఎక్కేటప్పుడు ఇది నా నడుము మీద ఉన్నింది అత్తా. నడుములోతు నీళ్లలో ఆ సందు చివరిదాకా మోసినా. నేనే మోసినా."

"నువ్వు మోసింది మేకపిల్లను. పక్కింటోళ్ల మేకపిల్ల కొట్టకపోతాంటే పట్టుకొస్తివే, అది. పదహారేండ్ల నుంచి మేకపిల్లను పాప అనుకుంటాండావు."

బొజ్జన్నకు నవ్వొచ్చింది కానీ కమిటీ మనిషి కాబట్టి కిటికీలోంచి బయటికి చూశాడు. నాగలత మాత్రం దాచుకోలేదు. "పెద్దమ్మా, నేను మే అని అరిచింటినా?"

"గమ్మునుండు నువ్వు," అంది ఓబులమ్మ. ఆమెకు పిల్లలు లేరు. ఊళ్లో ఎవరింట్లో వరద మాట వచ్చినా, ఆ సందులో నీళ్లలో నాగలతను మోసిన సంగతి ఒక్కసారైనా చెప్పకుండా లేచేది కాదు. "పాప సూదుల చీటీ కూడా వరదలోనే కొట్టకపాయ. పాప పుట్టకుండానే సూదుల చీటీ యాడనుంచి వచ్చినాది? చెప్పు డాక్టరమ్మా, నువ్వే చెప్పు."

స్తుతి మంచి మాటే కదా అనుకునే లోపే అవ్వ అందుకుంది. "అది పాప చీటీ కాదు. కడుపుతో ఉన్నప్పుడు ఆసుపత్రిలో తల్లికి ఇచ్చే చీటీ. నీకు సదవను వస్తాదా, ఏ చీటీనో చెప్పనీకె?"

"నీకు వస్తాదా మరి?"

ఇద్దరికీ రాదు. ఆ మాట ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది. నాగలత నాన్నకు ఫోను చేశారు. ఆయన నాగ్‌పూర్ దాటి ఎక్కడో డాబాలో టీ తాగుతున్నాడు. అవ్వ అడిగితే, ఊ, కడుపులోనే మ్మా అన్నాడు. ఓబులమ్మ ఫోను లాక్కుని అడిగితే, ఊ, నువ్వే కదా వదినా మోసింది అన్నాడు. వరదప్పుడు ఆయన లోడుతో ఎక్కడో ఇరుక్కుపోయాడట. రోడ్లు తెరిచాక పైపైన వచ్చిపోయి, ఇంట్లో స్థిమితంగా కూర్చునేసరికి పాప ఉండాదట. అంతకంటే ఆయనకేమీ తెలియదు.

స్తుతి కాగితం మీద లెక్క వేసుకుంది. కడుపులో ఉంటే ఇప్పటికి పదిహేనున్నర దాటి కొన్ని నెలలు, జట్టులో చోటు ఖాయం. సంకలో ఉంటే పదిహేడు నిండినట్టే, జట్టు లేదు. మధ్యలో ఉన్నది ఏడాదిన్నర. ఆ ఏడాదిన్నర సంగతి ఇప్పుడు ఒక పన్ను చెప్పాలి.

ఆమె నాగలతను లోపలి గదిలోకి తీసుకెళ్లింది. చెవి కమ్మలు, మెడలో గొలుసు, తలలో క్లిప్పులు తీయించింది. లోహం ఏది ఉన్నా పటంలో తెల్లగా మెరిసి, దాని దెయ్యం లాంటి ఇంకో నీడ రెండో వైపున కూడా పడుతుంది. పన్ను ఏదో కమ్మ ఏదో తెలియకుండా పోతుంది. అవ్వ అన్నిటినీ కొంగున కట్టుకుంది. భుజాల మీద బరువైన సీసం కోటు వేస్తుంటే నాగలత, "ఇది వేసుకోని కూతకు పోతే ఎవరూ పట్టలేరక్కా," అంది.

ఆ మిషను చూశారా ఎప్పుడైనా? మనిషి నిలబడి ఉంటే దాని చేయి తల చుట్టూ చక్కర్లు కొడుతూ, ఈ చెవి దగ్గర మొదలుపెట్టి ఆ చెవి దాకా దవడ మొత్తాన్ని ఒకే పొడుగాటి పటంగా తీస్తుంది, చుట్టిన చాపను విప్పి పరిచినట్టు. దానికి కావలసింది ఒక్కటే, మనిషి కదలకూడదు. ముందరి పళ్లతో చిన్న ప్లాస్టిక్ పుల్ల మీది గాడిని కరిచి పట్టుకోవాలి. గడ్డం ఆనించాలి. నాలుకను పైకి అంగిలికి అతికించాలి, లేకపోతే అక్కడ గాలి నిలిచి పై పళ్ల వేర్ల మీద నల్లటి మబ్బు పడుతుంది. ముఖం మీద రెండు ఎర్రటి వెలుగు గీతలు సరిగ్గా కూర్చునే దాకా స్తుతి ఆ పిల్ల తలను వెంట్రుకవాసి అటూ ఇటూ జరిపింది.

"పద్నాలుగు సెకండ్లు. మింగద్దు, నవ్వద్దు, చూడద్దు. బొమ్మ మాదిరి నిలబడు."

స్తుతి గోడ వెనక్కి వెళ్లి బటన్ నొక్కింది. మిషను గుర్రుమని కదిలింది. అంతా బ్రహ్మాండంగా సాగుతోంది. సరిగ్గా అప్పుడు ఓబులమ్మ తలుపు ఓరగా తెరిచి, ప్రేమ ఆపుకోలేక లోపలికి కేక వేసింది. "పాపా, కదలద్దు."

పాప ఆ మాట ఎవరిదా అని తల తిప్పింది.

తెర మీద పటం వచ్చింది. ఎడమ వైపంతా అద్దంలా ఉంది. కానీ ఎడమ కింద జ్ఞానదంతం ఉండాల్సిన చోట ఖాళీ, ఆ పన్ను అసలు పుట్టనే లేదు, కొందరికి అంతే. పై రెండు జ్ఞానదంతాల వేర్లు పక్క ఎముకల నీడల్లో కలిసిపోయి చదవడానికి రావు. మిగిలింది కుడి కింది పన్ను. అదేమో సరిగ్గా ఓబులమ్మ కేక పడిన చోట, నీళ్లలో నీడలా వంకరటింకరగా ఊగిపోతోంది.

"కదలద్దనే కదా అంటిని," అంది ఓబులమ్మ.

"నువ్వు అనబట్టే కదిలినాది," అంది అవ్వ.

"పోనీలే, ఇంకోసారి తిప్పు డాక్టరమ్మా," అన్నాడు బొజ్జన్న. "మిషనుండాది, కరెంటుండాది."

స్తుతి తల అడ్డంగా ఊపింది. "ఊరికే తిప్పకూడదు సార్. ఆ పటానికి ఒంటికి తగిలే కిరణాలు శానా తక్కువే, రెండు మూడు రోజులు మామూలుగా భూమ్మీద తిరిగితే ఎంత తగుల్తాదో అంతే. కానీ ఒక్క పన్ను కోసం ముప్పై పండ్లకూ మళ్లీ ఎందుకు తగిలించాల? ఆ ఒక్కదాన్నే తీస్తా."

ఒక్క పన్ను పటానికి పెద్ద మిషను అక్కర్లేదు. బిస్కెట్ అంత పలక, దానికొక వైరు, దానికి ప్లాస్టిక్ తొడుగు. దాన్ని నోట్లో పెట్టి పన్ను వెనక నిలబెట్టి, బయట బుగ్గ వైపు నుంచి కిరణం వదలాలి. చెప్పడానికి ఇంతే. కానీ జ్ఞానదంతం నోటి చివరాఖర్న కదా ఉండేది, పలక అక్కడిదాకా పోగానే గొంతు తిరగబడుతుంది. నాగలతకు మొదటిసారి కళ్లలో నీళ్లొచ్చి డోకు వచ్చింది. రెండోసారి పలకను నాలుకతోనే బయటికి తోసేసింది. రాష్ట్రస్థాయి పోటీల్లో ఆడాల్సిన పిల్ల బిస్కెట్ ముక్కకు ఓడిపోయినట్టు తల దించుకుంది.

స్తుతికి అప్పుడొక ఉపాయం తట్టింది. "కూతకు పోయినప్పుడు ఎంతసేపు గుక్క పడతావు?"

"ముప్పై సెకండ్లు. ఇంకా ఎక్కువే పడతా."

"ఇప్పుడు కూతకు పోతాండావు అనుకో. నోరు కదపకుండా మనసులోనే కూత పెట్టు. ముక్కుతోనే గాలి. కుడికాలు పైకెత్తి గాల్లో పెట్టు, బోనస్ గీత దాటేదానికి లేపినట్టు. ఆ కాలు మీదనే మనసు పెట్టు, నోటిని మర్చిపో."

నాగలత కాలు లేచింది. కళ్లు మూతపడ్డాయి. ఎక్కడో ఓర్వకల్లు రాళ్ల మధ్య ఎర్రమట్టి మీద ఏడుగురి నడుమకు పోయినట్టుంది ఆమె ముఖం. స్తుతి పలకను మెత్తగా లోపలికి జార్చింది, గొంతు ఊరుకుంది. ఎక్స్‌రే గొట్టాన్ని బుగ్గకు ఆనించి, వాలు చూసుకుని, ఈసారి ఓబులమ్మను బయటే ఉంచి తలుపుకు గడియ వేసి, బటన్ నొక్కింది. చిన్న చప్పుడు. అంతే.

తెర మీద పన్ను వచ్చింది. ఎంత అందంగా వచ్చిందంటే స్తుతికి ఎవరినైనా పిలిచి చూపించాలనిపించింది. తెల్లటి తల పూర్తిగా తయారై ఉంది. కింద రెండు వేర్లు ఇప్పుడిప్పుడే విడిపోతున్నాయి, సగం కూడా దిగలేదు, చివర్లు గరాటు మూతుల్లా తెరిచే ఉన్నాయి. ఇంకా కట్టడం నడుస్తున్న ఇల్లులా ఉంది.

బొజ్జన్న కళ్లద్దాలు పెట్టుకుని తెర ముందుకు వంగాడు. "ఎంతంటాండాది?"

"పదిహేను నుంచి పద్దెనిమిది లోపల సార్."

"అది నేను మొగం చూసే చెప్తా. పదిహేడు లోపలనా, పైననా?"

"పన్ను అంత సన్నంగా చెప్పలేదు సార్. ఒకే ఏడు పుట్టిన ఇద్దరు పిల్లలు ఒకే పొడుగు ఉంటారా? పండ్లూ అట్లే. ఒకరికి తొందరగా దిగుతాయి, ఒకరికి నిదానం. ఇంత వేరు దిగిన పిల్లలు పదిహేనులోనూ ఉంటారు, పదిహేడులోనూ ఉంటారు."

"అంటే చెవి కంటే ఏం మేలు మ్మా ఇది?"

స్తుతికి రోషం వచ్చింది. బొజ్జన్న సంచిలోంచి ఫారం తీసి ఆమె ముందుకు జరిపాడు. పిల్ల పేరు, తండ్రి పేరు, కింద డాక్టరు సంతకం, మధ్యలో ఒకే ఒక్క గడి. పదిహేడు లోపు, పదిహేడు పైన, రెంటిలో ఒకటి.

"నీ చదువు కాగితం నువ్వు రాసుకో, పదిహేను పద్దెనిమిది అని. నాకు ఈ గడి నిండల్ల. నిండకుంటే మా రూలు ప్రకారం బడి కాగితమే లెక్క. అప్పుడు ఈ పాప లేదు."

"లేకుంటే ఎవరు పోతారు సార్?"

"ఆదోని పాప ఒకటుండాది, హర్షిణి అని. కాగితాలన్నీ ఒకే తేదీ చెప్తాండాయి. ఆట ఈ పాపంత లేదు, కానీ పొద్దున నాలుగుకు లేచి పరిగెత్తుతాది. వాళ్ల నాయన పొద్దుటినుంచి మూడుసార్లు ఫోను చేసినాడు." ఆయన లేచాడు. "కింద టీ తాగొస్తా. నేను వచ్చేలోపల రాసి పెట్టు. నాకు ఎట్లయినా సమ్మతమే డాక్టరమ్మా. నువ్వు లోపల అంటే లోపల, పైన అంటే పైన. నీ సంతకం మీద నేను మళ్ల మాట అడగను."

ఆయన మెట్లు దిగాడు. అవ్వ బెంచీ మీద కునికిపాట్లు పడుతోంది. నాగలత వరండాలో గోడకు చేయి ఆనించి కాలు వెనక్కి ఎత్తి సాగదీస్తోంది. స్తుతి తన కాగితం మీద ఉన్నదున్నట్టు రాసింది. కుడి కింది జ్ఞానదంతం, వేరు సగం లోపు, వయసు పదిహేను పద్దెనిమిది మధ్య, ఇంతకన్నా కచ్చితంగా చెప్పడం కుదరదు. సంతకం చేసింది. దాని గురించి ఆమెకు ఏ బెంగా లేదు. పక్కనున్న ఫారంలో ఖాళీ గడి మాత్రం నోరు తెరుచుకుని చూస్తోంది.

అప్పుడు తలుపు సందులోంచి ఓబులమ్మ వచ్చింది. ఈసారి అడిగి వచ్చింది.

"మ్మా, రావచ్చునా?"

"రా పెద్దమ్మా. కూర్చో."

ఆమె కూర్చోలేదు. తెర మీది పన్నును చాలాసేపు చూసింది. "ఇదేనా అది?"

"ఇదే."

"నేను చెప్పిన మాట రాసుకుంటివా మ్మా, సంకలో ఉన్నిందని?"

"రాయలేదు. నేను పటంలో కనపడిందే రాస్తా."

"మంచిదాయ." ఆమె కొంగు వేలికి చుట్టుకుంది, విప్పింది. "మా అత్త చెప్పిందే నిజం మ్మా. నా సంకలో ఉన్నింది మేకపిల్లనే. ఆ సారు అడిగితే అట్లే చెప్పు. నేను ఊరికే గొప్పకు చెప్పుకుంటాంటి."

స్తుతి ఆమె ముఖం చూసింది. పదహారేళ్లుగా ఊరంతా చెప్పుకున్న మాటను ఆ మనిషి ఇప్పుడు ఒక్క నిమిషంలో తుడిచేసుకుంటోంది. ఎవరి కోసం తుడుచుకుంటోందో ఆ పిల్ల వరండాలో కాలు సాగదీసుకుంటోంది.

"నిజమేనా పెద్దమ్మా?"

"నిజమే. మేకపిల్లనే. నీళ్లంటే బెదిరినాది పాపం, ఆ సందు పొడుగునా నా కమ్మ గట్టిగా పట్టుకోని గుంజుతానే ఉన్నింది. చెవి తెగుతాదేమో అనుకుంటి. పోనీలే, గుంజనీలే, బెదురు పోతే చాలని..."

ఆమె అక్కడ ఆగిపోయింది. మేకపిల్లకు పట్టుకోవడానికి వేళ్లుండవు. ఆ సంగతి గదిలో ఉన్న ఇద్దరికీ ఒకేసారి తెలిసింది.

"లేదా పక్కింటోళ్ల పిల్లోడేమో మ్మా," అంది ఓబులమ్మ చివరికి, గొంతు తగ్గించి. "ఆ పొద్దు అందరి పిల్లోళ్లనూ అందరమూ ఎత్తుకుంటిమి. ఎవరు ఎవరి సంకలో ఉండారో ఎవరికి ఎరుక? నాకు సరిగ్గా జ్ఞాపకం లేదు. లేదంటే లేదు."

ఆమె వెళ్లిపోయింది. స్తుతి కుర్చీలో వెనక్కి వాలింది. ఇప్పుడు ఏది నమ్మాలి? ఓబులమ్మ పొద్దున చెప్పినప్పుడు ఆ మాటతో పిల్లకు ఏం పోతుందో ఆలోచించలేదు, అందుకే అది నిజం కావచ్చు. పదహారేళ్లు చెప్పీ చెప్పీ పెరిగిన మాట, అందుకే అబద్ధమూ కావచ్చు. అవ్వ మాట పిల్లకు లాభం. అయినా లాభమున్న మాటలన్నీ అబద్ధాలని ఎక్కడ రాసుంది? పైగా ఆ వేళ్లు ఎవరివో. పక్కింటి పిల్లాడివి కూడా అయి ఉండొచ్చు. స్తుతి మళ్లీ పటం వైపు చూసింది. పన్ను తనకు తెలిసినంత చెప్పేసి చల్లగా కూర్చుంది.

నాగలత తల లోపలికి పెట్టింది. "అక్కా, నా పన్ను గెలిచిందా?"

"నీకేమనిపిస్తాది? నీకు ఎంత వయసు అనుకుంటావు?"

"నాకేం తెలుసక్కా, నేను చూసినానా?" నాగలత నిజంగానే ఆలోచించింది. "జూన్ పదికి కేకు తింటా. జనవరి ఒకటికి ఆధార్ అని మా నాయన చాక్లెట్ తెస్తాడు. రెండూ బాగుంటాయి. కానీ పోయినేడు కూడా రాష్ట్రం ఆడాల్సింది, కాలు బెణికి పోలేదు. వచ్చే ఏడు ఏ లెక్కలోనైనా నాకు దాటిపోతాది. ఉన్నింది ఇదొక్కటే." తర్వాత గలగలా అడిగింది. "ఆ ఆదోని పాపకు ఫోను చేసినారా అక్కా? దాంతో ఆడినా నేను. మంచి పట్టు పడతాది. దానికి కూడా ఇదే ఆఖరి ఏడంట."

కింద ఎవరో ఫోను రిపేరు చేసి రింగుటోన్ పరీక్ష చేస్తున్నారు. దాని మీదుగా బొజ్జన్న మెట్లెక్కే చప్పుడు వినపడింది, మోకాళ్ల కోసం ఒక్కో మెట్టు దగ్గర ఆగుతూ. అవ్వ నిద్ర లేచి కొంగు సర్దుకుంది. ఓబులమ్మ ఎవరినీ చూడకుండా కిటికీ దగ్గర నిలబడింది. స్తుతి పెన్ను మూత తీసింది.

పటం రెండిటినీ కాదనలేదు. లోపల అని రాస్తే అబద్ధమని ఎవరూ నిరూపించలేరు, పైన అని రాసినా అంతే. ఏమీ రాయకపోతే చెవిని కొలిచిన సారు రాసిన జూన్ పదో తేదీయే నిలుస్తుంది, అది తప్పని ఊరంతటికీ తెలుసు. లోపల అని రాస్తే ఆదోనిలో నాలుగు గంటలకు లేచే పిల్ల ఇంట్లో ఉండిపోతుంది.

బొజ్జన్న గుమ్మంలోకి వచ్చి కళ్లద్దాలు పెట్టుకున్నాడు. "ఏం డాక్టరమ్మా, రాసినావా?"

స్తుతి చేతిలో పెన్ను, ఎదురుగా ఒకే ఒక్క గడి. ఆ కుర్చీలో మీరే ఉంటే, చెప్పండి, ఏం రాస్తారు?